ప్లాను ప్రకారమే జరిగిన ప్రాజెక్టులు

మా గోదావరి జిల్లాల్లో ప్రాజెక్టు అన్న మాటతో ఓ చిక్కుంది. ఎంసీఏ ఆఖరి సెమిస్టరు కుర్రాడెవడైనా ఊళ్ళో ఓ పెద్దాయనతో "ప్రాజెక్టు చేస్తున్నానండి" అన్నాడనుకోండి, ఆయన వెంటనే "ఆయ్, పోలవరంలోనాండీ?" అంటాడు. మాకు ప్రాజెక్టంటే నది, రాయి, సిమెంటు, గేట్లు. కంప్యూటరు ముందు కూర్చుని చేసే ప్రాజెక్టు కూడా ఒకటి ఉంటుందని చెప్పి ఒప్పించేసరికి తాతల తరం దాటిపోయింది.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గానీ, ఈ మధ్య నాకు ఆ పెద్దాయన అడిగిందే సబబుగా ఉందనిపిస్తోంది. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఇంజనీర్ని. సొంతూరు కోనసీమ. కొన్నేళ్ళుగా వేసవిలో ఊరెళ్ళినప్పుడు, తెలిసిన లెక్చరర్లు పిలిస్తే ఉభయ గోదావరి జిల్లాల కాలేజీలకి వెళ్ళి ఎంసీఏ, ఎంటెక్ పిల్లల ప్రాజెక్టు రివ్యూల్లో కూర్చుంటున్నాను. (ఇప్పుడు ఉభయ అనకూడదు లెండి. 2022లో జిల్లాలు విడగొట్టాక కాకినాడ, కోనసీమ, ఏలూరు కూడా వేరే జిల్లాలయ్యాయి. నోరు తిరగడానికి టైము పడుతుంది.) "ఇండస్ట్రీ నుంచి వచ్చారు" అని పరిచయం చేసి, వెళ్ళేటప్పుడు ఓ శాలువా, ఓ తాపేశ్వరం కాజా పెట్టె చేతిలో పెడతారు. కాజా కోసమైనా వెళ్ళొచ్చు :)

ఇప్పటికి చాలానే రిపోర్టులు తిరగేశాను. చిత్రం ఏంటంటే, వాటిల్లో ఒక్క ప్రాజెక్టు కూడా ఆలస్యం అవలేదు. ఒక్క టెస్టు కూడా ఫెయిలవలేదు. మొదట అనుకున్న దాంట్లోంచి ఒక్క అక్షరం కూడా మారలేదు. నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో అలాంటి ప్రాజెక్టు ఒక్కటీ చూడలేదు. మీరు చూశారా? అంటే మన దేశంలో అత్యంత విజయవంతమైన సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులన్నీ అమలాపురం నుంచి ఏలూరు దాకా కాలేజీ లైబ్రరీల్లో, నల్ల అట్టల మీద బంగారు అక్షరాలతో, బీరువాల్లో పడున్నాయన్నమాట.

ఒక్కటి తప్ప. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆ రిపోర్టు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మనందరికీ తెలిసిందే. ముందు అబ్‌స్ట్రాక్టు. తర్వాత "ఎగ్జిస్టింగ్ సిస్టమ్": ఇప్పుడు అంతా చేత్తో చేస్తున్నారు, ఆలస్యమవుతోంది, తప్పులు దొర్లుతున్నాయి. తర్వాత "ప్రపోజ్డ్ సిస్టమ్": మేం కంప్యూటర్లో చేస్తాం, ఆలస్యం అవదు, తప్పులు దొర్లవు. ఆ తర్వాత ఫీజిబిలిటీ స్టడీ. ఇందులో మూడు పేరాలు. ఆర్థికంగా సాధ్యమే, సాంకేతికంగా సాధ్యమే, వాడేవాళ్ళూ సంతోషంగా వాడతారు. ఈ మూడు పేరాలూ లైబ్రరీ మేనేజ్‌మెంటుకైనా సరిపోతాయి, చంద్రయానానికైనా సరిపోతాయి. తర్వాత వాటర్‌ఫాల్ బొమ్మ. తర్వాత ఇరవై పేజీల యూఎంఎల్ బొమ్మలు, పదిహేను పేజీల స్క్రీన్‌షాట్లు. టెస్టింగ్ అని ఒక పట్టిక: అనుకున్న ఫలితం, వచ్చిన ఫలితం, రెండూ ఒకటే, పాస్. చివర్లో "ఫ్యూచర్ ఎన్‌హాన్స్‌మెంట్స్", అంటే ఎవరూ ఎప్పటికీ చెయ్యని పనుల జాబితా.

ఒకప్పుడు ఈ పుస్తకం కోసం అమీర్‌పేట దాకా వెళ్ళాల్సి వచ్చేది. కోడూ, రిపోర్టూ, పవర్‌పాయింటూ కలిపి ప్యాకేజీ. ఇప్పుడు ఆ బస్సు ఛార్జీలు కూడా దండగ. చాట్‌జీపీటీని అడిగితే ఫీజిబిలిటీ స్టడీ పది సెకన్లలో రాసిచ్చేస్తుంది, అదీ అమీర్‌పేట కంటే మంచి ఇంగ్లీషులో.

దీన్ని ఆపడానికి రూల్సు లేవా అంటే ఉన్నాయి. యూజీసీ 2018లో ప్లేజియరిజం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపుంటే ఫర్వాలేదు, 10 నుంచి 40 ఉంటే దిద్ది మళ్ళీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మంచిదే. కానీ ఆ సాఫ్ట్‌వేరు చూసేది ఏంటి? ఈ వాక్యం ఇంకెక్కడైనా ఉందా అని. ఈ వాక్యం నిజమా అని కాదు. "సిస్టమ్ అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది" అన్న అబద్ధాన్ని సొంత మాటల్లో రాస్తే పోలిక సున్నా శాతం వస్తుంది. ఎంచక్కా పాసైపోవచ్చు.

పిల్లల్ని తిట్టడం తేలిక. కానీ వాళ్ళ వైపు నుంచి చూడండి. మూడేళ్ళ ఎంసీఏని ఏఐసీటీఈ 2020-21 నుంచి రెండేళ్ళకి కుదించింది. ఉన్న టైములోనే క్లాసులూ, ప్లేస్‌మెంట్లూ, ప్రాజెక్టూ. ఒక్కో గైడు నెత్తి మీద బోల్డు బ్యాచులు. రివ్యూలో కూర్చున్నవాళ్ళు మార్జిన్ ఒకటిన్నర అంగుళం ఉందా లేదా, ఫాంటు పన్నెండా పద్నాలుగా అని చూస్తారు. పని ఎలా జరిగింది, ఎక్కడ ఆగింది అని అడిగే నాథుడుండడు. అడగని ప్రశ్నకి జవాబు ఎవరు రాస్తారు? పైగా, నిజం రాస్తే మార్కులు తగ్గుతాయని సీనియర్లు చెప్పే ఉంటారు. ఆ భయం ఉత్తుత్తిది కూడా కాదు.

నిబంధనలు రాసినవాళ్ళకి ఇవన్నీ తెలియవా అంటే, తెలుసు. కాకినాడ జేఎన్టీయూ 2008లో విడిగా విశ్వవిద్యాలయమైంది. దాని 2010ల నాటి ఎంటెక్ రెగ్యులేషన్లు చదివితే ముచ్చటేస్తుంది. ప్రాజెక్టుకి రెండు సెమిస్టర్లు. ముందు ఏం చెయ్యబోతున్నావో రాసి, ప్రాజెక్టు రివ్యూ కమిటీ ముందు పెట్టి ఒప్పించాలి. మధ్యలో కనీసం రెండు దశల్లో స్టేటస్ రిపోర్టులివ్వాలి, ఆ రెంటికీ మధ్య 3 నెలలు ఎడం ఉండాలి. రిజిస్టరు చేసుకున్నాక 40 వారాలు గడిస్తే గానీ థీసిస్ ఇవ్వడానికి లేదు. అంటే ఏంటి? ముందు ఓ మాట చెప్పు, మధ్యలో రెండుసార్లు వచ్చి ఎక్కడున్నావో చెప్పు, తొందరపడి ముగించకు. నాకు ప్రాజెక్టు మేనేజ్‌మెంటు కోర్సులో నేర్పిన దానికంటే ఇది తేటగా ఉంది. మరి జరిగేదేంటి? మొదటి స్టేటస్ రిపోర్టు, రెండో స్టేటస్ రిపోర్టు, థీసిస్... మూడూ ఆఖరి నెలలో ఒకే రాత్రి తయారవుతాయి. తేదీలు మాత్రం వెనక్కి జరుగుతాయి.

పుస్తకాల్లో ఎలా ఉందో కూడా చూద్దాం. ప్రతి రిపోర్టులోనూ ఉండే ఆ వాటర్‌ఫాల్ బొమ్మకి మూలం విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన వ్యాసం అంటారు. తమాషా ఏంటంటే, ఆ వ్యాసంలో వాటర్‌ఫాల్ అన్న మాటే లేదు. పైగా ఆ బొమ్మ వేసిన వెంటనే, ఇలా నేరుగా కిందకి దిగిపోతే ప్రమాదం అని ఆయనే అన్నాడు. ఆఖర్లో టెస్టింగ్ దాకా వచ్చాక గానీ డిజైన్ తప్పని తెలియదు, అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి, అందుకే ముందు ఓసారి చిన్నగా కట్టి చూసి, రెండోసారి అసలుది కట్టమన్నాడు. మన పిల్లలు ఆయన ఒద్దన్న బొమ్మని మాత్రం యాభై ఏళ్ళుగా భక్తిగా గీస్తున్నారు.

ఇంకొకాయన ఫ్రెడ్ బ్రూక్స్. 1975లో "మిథికల్ మ్యాన్ మంత్" పుస్తకంలో తన అనుభవం మీద ఓ లెక్క చెప్పాడు. మొత్తం టైములో మూడో వంతు ప్లానింగుకి, ఆరో వంతు కోడింగుకి, పావు వంతు విడి భాగాల టెస్టింగుకి, మిగతా పావు వంతు అన్నీ కలిపి టెస్టు చెయ్యడానికి. కోడింగు ఆరో వంతేనండీ! మన రిపోర్టుల్లో గాంట్ చార్టు ఉంటే (ఉంటే!) అందులో కోడింగు సగం పైనే ఉంటుంది, టెస్టింగు చివరి వారం.

ఇక పెద్దాయన అడిగిన ప్రాజెక్టు దగ్గరికొద్దాం. పోలవరం కాదు, దానికంటే ముందుది. ధవళేశ్వరం ఆనకట్ట.

కాటన్ దొర విగ్రహం లేని పల్లెటూరు మా వైపు తక్కువ. పూలదండలు వేస్తాం, పుట్టినరోజు చేస్తాం. కానీ ఆయన ఆనకట్ట కట్టడానికి ముందు ఏం చేశాడో మాత్రం ఎక్కువగా చెప్పుకోం. ఆయన ముందు రిపోర్టు రాశాడు. 1844లో ఒకటి, 1845లో దానికంటే వివరంగా ఇంకొకటి.

మన భాషలో చెప్పాలంటే "ఎగ్జిస్టింగ్ సిస్టమ్" చాప్టరు అప్పుడు ఎలా ఉందో చూడండి. 1833 నాటి కరువు, 1839 నవంబరులో కోరంగి తుఫాను. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉన్నది 1841కి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. "చేత్తో చేస్తున్నారు, ఆలస్యమవుతోంది" లాంటి మాట కాదది. లెక్క పెట్టిన మనుషులు. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేరు. నది నిండా నీళ్ళుండగా జరిగింది ఇది.

లిటరేచర్ సర్వే? ఉంది. ఇసక నేల మీద రాతి కట్టడం నిలబడుతుందా అన్నది అప్పటి పెద్ద ప్రశ్న. దానికి జవాబు కావేరి మీద కల్లణైలో దొరికింది, వందల ఏళ్ళ నాటి చోళుల ఆనకట్ట. ఇసకలో పునాది ఎలా వెయ్యాలో ఆ పాత కట్టడాల్ని చూసే నేర్చుకున్నామని కాటన్ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. ఊరికే చూసి వచ్చెయ్యలేదు, 1836లో కొల్లిడం మీద ఆనకట్ట కట్టి, అది నిలబడ్డాక గోదావరికి వచ్చాడు. రాయిస్ చెప్పిన "ముందు ఓసారి కట్టి చూడు" అంటే ఇదే కదా!

ఫీజిబిలిటీ? ధవళేశ్వరం దగ్గర నది చాలా వెడల్పు. చూసినవాడెవడైనా ఇక్కడొద్దు అంటాడు. కానీ మధ్యలో లంకలున్నాయి. వాటిని వాడుకుంటే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కల్లో కట్టుకోవచ్చు. రాయి కావాలంటే పక్కనే ధవళేశ్వరం కొండ. ఆ రాయి మొయ్యడానికి పట్టాలు కూడా వేశారు. "సాంకేతికంగా సాధ్యమే" అని ఒక వాక్యం రాస్తే సరిపోలేదు, ఏ రాయి ఎక్కడి నుంచి వస్తుందో రాయాల్సొచ్చింది. ఎందుకంటే ఆ రివ్యూ కమిటీ మద్రాసులో ఒకటీ, దాని పైన లండన్‌లో కంపెనీ డైరెక్టర్ల బోర్డు ఒకటీ. ఓడలో ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెలలు. సందేహం వస్తే పక్క గదిలోకి వెళ్ళి "సార్, అదీ..." అని సర్దిచెప్పే వీల్లేదు. కాగితమే మాట్లాడాలి.

పని 1847లో మొదలైంది. ఆ మర్నాడు సంవత్సరమే, 1848లో, కాటన్‌కి ఒంట్లో బాగోక ఆస్ట్రేలియా వైపు వెళ్ళిపోయాడు. రెండేళ్ళు లేడు. టీం లీడు ప్రాజెక్టు మధ్యలో రెండేళ్ళు లాంగ్ లీవు! మన ఆఫీసుల్లో అయితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ కెప్టెన్ ఆర్ అనే ఆయన పని అందుకున్నాడు, నడిపించాడు. 1850లో కాటన్ తిరిగొచ్చాడు, 1852కి ఆనకట్ట పూర్తయింది. మొత్తం ఐదేళ్ళు. కూలీల కష్టం ఎంతుందో, వీణెం వీరన్న గారి లాంటి మనవాళ్ళ చాకచక్యం ఎంతుందో చెప్పనక్కర్లేదు. కానీ లీడు లేని ఆ రెండేళ్ళూ పని ఆగకపోవడానికి, ఏం కడుతున్నామో, ఎందుకిలా కడుతున్నామో కాగితం మీద ఉండటం కూడా ఒక కారణం అని నా నమ్మకం. మన కేటీ సెషన్ల కంటే అది మెరుగ్గా పనిచేసింది.

డెడ్‌లైను సంగతి వేరే చెప్పాలా? వరదొస్తే నదిలో పని చెయ్యలేరు. జూన్ దాటిందంటే గోదారి ఎవరి మాటా వినదు. ఇప్పటికీ డెల్టాలో అంతే. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, సార్వాకి మళ్ళీ వదుల్తారు. పూడిక తియ్యాలన్నా, లాకులు బాగు చెయ్యాలన్నా, గట్టు వెయ్యాలన్నా ఆ మధ్యలోనే. ఇక్కడ పుట్టినవాడికి ప్లానింగ్ అంటే ఏంటో ఎవరో వచ్చి నేర్పక్కర్లేదు, చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉంటాడు. మరి అదే పిల్లాడు ఎంసీఏలో చేరగానే ఆ జ్ఞానం అంతా ఎక్కడికి పోతుందో!

అన్నట్టు, స్టేటస్ రిపోర్టు అంటే ఎలా ఉండాలో కూడా ధవళేశ్వరమే చెప్తుంది. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలెట్టి 1982కి బ్యారేజీ కట్టారు, 175 గేట్లు. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకొస్తే ఒకటో ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. పైన భద్రాచలంలో అయితే 43, 48, 53 అడుగులు. అంతే. కలెక్టరు గారి మూడ్‌తో పనిలేదు, మంత్రి గారు వస్తున్నారా లేదా అన్నదాంతో పనిలేదు. గీత ముందే గీసుంది. నీళ్ళు గీత దాటితే హెచ్చరిక. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినా, 2022 జులైలో 25 లక్షలు దాటినా గీతలు జరగలేదు. లంకల్లో జనం ఆ అంకె విని గేదెల్ని విప్పుకుని గట్టెక్కుతారు. భద్రాచలంలో అంకె నిజం చెప్తేనే ఇక్కడ లంకలో వాళ్ళకి కాస్త వ్యవధి దొరుకుతుంది. అక్కడెవరో "పైవాళ్ళకి బాగోదు, కొంచెం తగ్గించి చెబుదాం" అనుకుంటే ఏమవుతుందో ఊహించండి.

ఇప్పుడు మన ఆఫీసుకొద్దాం. వారం వారం స్టేటస్ రిపోర్టు పంపిస్తాం కదా, పచ్చ, పసుపు, ఎరుపు. ఎప్పుడు పసుపు అవ్వాలో ముందే గీత గీసుంటుందా? ఉండదు. మేనేజరు మొహం చూసి రంగు వేస్తాం. డెలివరీకి రెండు వారాల ముందు దాకా పచ్చ, ఆ తర్వాత ఒకేసారి ఎరుపు. దీన్నే పుచ్చకాయ రిపోర్టు అంటారు, పైకి పచ్చ, కోస్తే ఎరుపు. గోదారి లంకల్లో పుచ్చకాయలు బాగానే పండుతాయి గానీ రిపోర్టుల్లో మాత్రం పండకూడదు. ఈ అలవాటు మనకి ఆఫీసులో రాలేదు. కాలేజీలో ఆ నల్ల అట్ట పుస్తకం దగ్గరే మొదలైంది. ఇరవై రెండేళ్ళ వయసులో మొట్టమొదటి ప్రాజెక్టు రిపోర్టులోనే "వచ్చిన ఫలితం కాలమ్‌లో అనుకున్న ఫలితమే రాయాలి" అని నేర్చుకున్నవాడు, ముప్ఫై రెండేళ్ళప్పుడు క్లయింటుకి నిజం ఎలా చెప్తాడు?

సరే, "ఒక్కటి తప్ప" అన్నాను కదా. అదీ చెప్పేస్తాను.

భీమవరం వైపు ఓ కాలేజీలో ముగ్గురు ఎంసీఏ పిల్లల బ్యాచి. అందులో ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారికి లీజుకి తీసుకున్న రొయ్యల చెరువు ఉంది. రొయ్యల చెరువు గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఇచ్చేవాళ్ళుండరు, అందరూ పీల్చేవాళ్ళే. తెల్లవారుజాముకి నీళ్ళలో ఆక్సిజన్ (రైతులు "డీవో" అంటారు) బాగా పడిపోతుంది. 4 పీపీఎం ఉండాలని చూసుకుంటారు, 3 కంటే తగ్గితే కంగారే. ఆ వేళకి ఏరేటర్లు తిరగాలి. కరెంటు పోయినా, కాపలా మనిషి కునుకు తీసినా తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. పంట మీద పెట్టిన అప్పంతా నీళ్ళలోనే.

వీళ్ళ ప్రాజెక్టు: చెరువులో ప్రోబు పెట్టి, పది నిమిషాలకోసారి డీవో చదివి, 4 కంటే తగ్గితే నాన్నగారి ఫోను మోగించడం. మెసేజి కాదు, ఫోనే. నిద్రలో మెసేజి ఎవరు చూస్తారు? ఆ ఒక్క నిర్ణయంతోనే నాకు ముచ్చటేసింది.

వాళ్ళ ప్లానులో ఒక వాక్యం ఉంది: "ప్రోబును నెలకోసారి శుభ్రం చేస్తే సరిపోతుందని అనుకుంటున్నాం." సరిపోలేదు. వారం తిరక్కుండానే ప్రోబుకి నాచు, జిగురు పట్టేసింది. పట్టిన జిగురే ఆక్సిజన్ తినేస్తుంది కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది. అర్ధరాత్రి ఫోను మోగింది. ఆయన పరుగెత్తాడు, చెరువు బాగానే ఉంది. మర్నాడు మళ్ళీ. వరుసగా నాలుగు రాత్రులు. ఐదో రాత్రి ఆయన ఫోను సైలెంటులో పెట్టి పడుకున్నాడు. ఆ రాత్రే నిజంగా డీవో పడింది. కాపలా కుర్రాడు చూసుకుని ఏరేటర్లు వేశాడు కాబట్టి బతికిపోయారు.

ఆ అమ్మాయి ఇదంతా తేదీలతో సహా రిపోర్టులో పెట్టింది. "ఏం అనుకున్నాం, ఏం జరిగింది" అని ఓ చాప్టరు. ప్లానులో వాక్యం, పక్కన జరిగింది, పక్కన దాన్ని బట్టి మార్చింది. ప్రోబు మూడు రోజులకోసారి తీసి తుడవాలి. అంకె ఒక్కసారిగా పడితే ఒకలాగా, మెల్లిగా రోజుల తరబడి తగ్గుతూ వస్తే ఇంకోలాగా చూడాలి, రెండోది జిగురు పని కావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, నాలుగు దొంగ హెచ్చరికల తర్వాత మనిషి నమ్మడం మానేస్తాడు.

రివ్యూలో ఓ పెద్దాయన "యాక్యురసీ ఎంత శాతం?" అన్నారు. "చెప్పలేనండి, ఒక చెరువు, కొన్ని వారాలే చూశాం" అంది. "పోయిన బ్యాచి 98 శాతం చూపించారు కదా, ఈ ఫెయిల్యూర్ చాప్టరు ఎందుకు? తీసేసి ఓ గ్రాఫు పెట్టు" అన్నారు. గైడు కూడా తలూపారు. ఆ అమ్మాయికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి ఉంది, ఈ రివ్యూ దాటకపోతే ఆ ఆఫరు ఉంటుందో ఊడుతుందో తెలియదు. తల దించుకునే మెల్లిగా అంది: "తీసేస్తే మా నాన్నగారి పక్క చెరువాయన కూడా ప్రోబు నెలకోసారే తుడుస్తారండి."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడాను, ఈ చాప్టరు ఒక్కటే ఉంచి మిగతా పుస్తకం అంతా తీసేసినా నాకు అభ్యంతరం లేదని. వాదన కాస్త గట్టిగానే జరిగింది. చివరికి చాప్టరు ఉంది, మార్కులు మాత్రం "98 శాతం" వాళ్ళకంటే తక్కువే వచ్చాయి. ఉద్యోగం పోలేదు, అదృష్టం.

మరుసటి ఏడు అదే కాలేజీకి వెళ్తే ఇంకో బ్యాచి అదే ప్రాజెక్టు పట్టుకున్నారు. కాపీ కాదు. ఆ చాప్టరు చదివి, ప్రోబుని అంతసేపూ నీళ్ళలో ఉంచకుండా, చదివే వేళకి మాత్రమే కిందకి దించే చిన్న మోటారు ఏర్పాటు చేశారు. బీరువాలో ఉన్న అన్ని పుస్తకాల్లోనూ తర్వాతి వాళ్ళకి పనికొచ్చింది అదొక్కటే. కెప్టెన్ ఆర్ పని అందుకున్నట్టు అందుకున్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్లాను అంటే జరగబోయేది కాదు, మనం ముందుగా చెప్పిన మాట. రిపోర్టు అంటే ఆ మాటకీ జరిగినదానికీ మధ్య తేడా. ఆ తేడాలోనే మనం నేర్చుకున్నది ఉంటుంది. తేడా లేదు అని రాసిన రిపోర్టులో చదవడానికి ఏమీ లేదు, ఎన్ని యూఎంఎల్ బొమ్మలున్నా సరే.

మీ ఇంట్లోనో, చుట్టాల్లోనో ఎంసీఏ, ఎంటెక్ పిల్లలుంటే "అన్నయ్యా, మీ కంపెనీ నుంచి ఏదైనా ప్రాజెక్టు ఉంటే ఇవ్వవా" అని అడుగుతారు. కోడు ఇవ్వకండి. ఈ నాలుగు మాటలు చెప్పండి చాలు.

ఒకటి, ఊళ్ళో ఎవరికో నిజంగా ఉన్న ఇబ్బంది తీసుకోమనండి. రైసుమిల్లు, కొబ్బరి దింపు, చెరువు, లాకుల దగ్గర నీళ్ళ వంతు, ఏదైనా. ఆ మనిషి పేరు, ఫోను నంబరు తెలియాలి.

రెండు, మొదటి వారమే ఒక్క పేజీలో "మేం ఇవి ఇలా అనుకుంటున్నాం" అని రాసి తేదీ వేసి గైడు చేత సంతకం పెట్టించుకోమనండి. తర్వాత ఆ పేజీ దిద్దకూడదు.

మూడు, ప్రతి శనివారం ఐదు లైన్లు. ఏం చేశాం, ఏం అవలేదు, ఎందుకు. కోడుతో పాటే దాన్నీ గిట్‌లో పెట్టమనండి, తేదీలు వెనక్కి జరపాలన్న ఆశ పుట్టదు.

నాలుగు, గీతలు ముందే గియ్యమనండి. ఏ వారానికి ఏది పనిచెయ్యకపోతే ప్రాజెక్టు సైజు తగ్గించుకోవాలో మొదట్లోనే. ధవళేశ్వరం గీతల్లాగా.

ఇక పిల్లలకి చెప్తే సరిపోదు, రివ్యూలో కూర్చునే వాళ్ళూ మారాలి. అక్కడే మన అవసరం ఉంది. మీ ఊరి దగ్గర కాలేజీకి ఏడాదికి ఒక్కరోజు వెళ్ళండి. సంక్రాంతికి ఎలాగూ వస్తారు, వేసవిలో ఇంకోసారి రండి. మార్జిన్లు చూడటానికి వేరే వాళ్ళున్నారు. మీరు మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "మీరు అనుకున్న దాంట్లో జరగనిదేంటి?" మొదట తడబడతారు, గైడు వైపు చూస్తారు. జవాబు చెప్పిన వాళ్ళకి రెండు మార్కులు ఎక్కువ వెయ్యమని గట్టిగా అడగండి. ఇద్దరు ముగ్గురు అలా అడుగుతున్నారని తెలిస్తే చాలు, మర్నాటి ఏడు సీనియర్లు జూనియర్లకి చెప్పే మాట మారుతుంది.